పిలిస్తే పలికే టీవీ

మంగళవారం పొద్దున్న పైడిరాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి షోరూముకి వెళ్ళాలి, పన్నెండుకల్లా కొత్త టీవీతో క్వార్టరుకి రావాలి, రెండింటికి డ్యూటీలో ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా బిలాస్‌పూర్ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషికి ఒక టీవీ బిగించుకోవడం ఏమంత పని? పూట సెలవు దగ్గరే చిక్కొచ్చింది. టీవీ కోసమని చెబితే సెక్షన్ ఇంజనీరు గిరిబాబు ఆదివారం కొనుక్కోమంటాడు. కూతురు ప్రత్యూషేమో శుక్రవారమే రాయ్‌పూర్ హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల లేకుండా కొత్త టీవీని దారికి తేవడం ఇంట్లో ఎవరివల్లా కాదు. అందుకని పైడిరాజు ఆఫీసులో తల వంచుకుని, "అమ్మకి కంటి చెకప్ ఉంది సార్" అన్నాడు.

అది పూర్తిగా అబద్ధమూ కాదు. అసలు టీవీ మార్చాలన్న ఆలోచన వచ్చిందే అతని తల్లి లక్ష్మీనరసమ్మ కళ్ళ మూలంగా. బొబ్బిలి దగ్గర పల్లెనుంచి యాభై ఏళ్ళ క్రితం కొత్త కోడలిగా ఈ రైల్వే కాలనీకి వచ్చిన ఆవిడ, తెలుగు తప్ప మరో అక్షరం నేర్చుకోకుండానే కూరగాయలవాడి దగ్గరనుంచి స్టేషన్ మాస్టరు దాకా అందరితోనూ పనులు చేయించుకుంది. కుడికంటికి పోయిన ఏడాది శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమకంటికి రెండుసార్లు తేదీ ఇచ్చారు. మొదటిసారి మూఢం అంది. రెండోసారి ఆవకాయ పెట్టాలంది. అసలు సంగతి భయం. ఆ మాట ఆవిడ ఒప్పుకోదు, అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

టీవీలో ఏది కావాలన్నా తెరమీద ఇంగ్లీషులో వచ్చే గళ్ళలోంచి ఏరుకోవాలి. ఆ చిన్న గళ్ళు ఆవిడ కంటికి ఆనవు కాబట్టి ఆ పని మనవరాలు చేసిపెట్టేది.

"ఒక్కో పోగ్రాంకీ ఈ గుంటని బతిమాలుకోవాల. ఇదెల్లిపోతే ఇంక నాను గోడే సూసుకోవాల" అంది లక్ష్మీనరసమ్మ.

ఎవర్నీ బతిమాలకుండా బతికిన మనిషి నోట ఆ మాట వినేసరికి పైడిరాజు టీవీ మార్చి తీరాలనుకున్నాడు. సెలవుకోసం అబద్ధమాడే తెగింపు అక్కడినుంచే వచ్చింది.

లింక్ రోడ్డులోని షోరూములో కుటుంబంలోని నలుగురూ నాలుగు దిక్కులకి వెళ్ళారు. పైడిరాజుకి నలుపు నల్లగా కనబడే యాభై అయిదంగుళాల టీవీ కావాలి. అతని భార్య సౌభాగ్యకి హాల్లో గోడమీది చెమ్మ మరకని పూర్తిగా కప్పే టీవీ కావాలి. మరక కొలత చీరకొంగుకి ముడివేసి తెచ్చుకుంది. ఆ ముడి పట్టుకుని ఒక్కొక్క టీవీకీ కొంగు పరిచి చూస్తోంది. ప్రత్యూషకి సినిమాలూ సీరియళ్ళూ ఇంటర్నెట్‌లోంచి తెచ్చిపెట్టే పరికరం వేరుగా కావాలి.

"టీవీ ఏదైనా చలేగా నాన్నా, డివైస్ మాత్రం ఫాస్ట్ ఉండాలి" అంది.

సేల్స్‌మన్ దిలీప్ ఛత్తీస్‌గఢ్ కుర్రవాడు. నలుగురి మధ్యా తిరిగి తిరిగి అతనికి చెమట పట్టింది. లక్ష్మీనరసమ్మని మటుకు "మాతాజీ" అంటూ స్టూలు వేసి కూర్చోబెట్టాడు. అరగంట చూసి ఆవిడకి విసుగెత్తింది.

"ఒరే పైడీ! మంచినీల్లు తేరా!"

పైడిరాజు వినలేదు. కానీ ఆవిడ ఎదురుగా వరసగా ఉన్న మూడు టీవీలు ఒక్కసారిగా వెలిగి, మూడు ఆడగొంతులతో "జీ, బోలియే" అంటూ, చెప్పండన్నట్టు హిందీలో పలికాయి.

దిలీప్ పరుగెత్తుకొచ్చి వివరించాడు. ఆ మూడు టీవీలకీ ఒక్కొక్క గుండ్రటి డబ్బా తగిలించి ఉంది. డబ్బా పేరు తారా. పేరుపెట్టి పిలిస్తే పలుకుతుంది, అడిగింది తెరమీద పెడుతుంది. మాతాజీ అన్నది "తేరా" అయినా డబ్బాకి "తారా" అని వినబడింది.

లక్ష్మీనరసమ్మకి ఇదంతా అక్కర్లేదు. ఆవిడ మొహం విప్పారిపోయింది.

"నలభై ఏడేళ్ళనించి పిలుస్తన్నాను, ఈడు ఒక్కనాడైనా ‘జీ’ అన్నాడా?" అని సౌభాగ్యని అడిగింది.

సౌభాగ్య భర్త మొహం చూసి, "లేదత్తా" అంది నిజాయితీగా.

దిలీప్ ఒక డబ్బాకి తెలుగు భాష పెట్టి ఇచ్చాడు. లక్ష్మీనరసమ్మ స్టూలు దగ్గరగా జరుపుకుని, కొత్తగా పనికి వచ్చిన మనిషిని పరీక్షించినట్టు పరీక్షించింది. వంకాయ పచ్చడి ఎలా చేస్తారని అడిగింది. తెరమీద ఒకావిడ వంకాయలు కాల్చడం మొదలుపెట్టింది.

"అందులో ఎల్లుల్లి ఏస్తందేటి? తేరా, ఆపు!"

ఆగిపోయింది. చుట్టూ చేరిన కొనుగోలుదార్లు చప్పట్లు కొట్టారు. డబ్బా వేరు, టీవీ వేరు కాబట్టి తగువు కూడా తీరిపోయింది. పైడిరాజు ఎంచుకున్న యాభై అయిదంగుళాల టీవీ సౌభాగ్య కొంగుకి సరిపోయింది. డబ్బా తగినంత వేగంగా ఉందని ప్రత్యూష ఒప్పుకుంది. టీవీ కొనడానికి వెళ్ళిన కుటుంబం పోట్లాడుకోకుండా బయటికి రావడం తన నౌకరీలో ఇదే మొదటిసారని దిలీప్ వాళ్ళని ఆటోదాకా సాగనంపాడు.

పన్నెండింటికి షోరూము పంపిన మిస్త్రీ టీవీతోనూ డ్రిల్లింగ్ మెషీనుతోనూ వచ్చాడు. అతను గోడకి గుర్తులు పెడుతూంటే ప్రత్యూష డబ్బాని ప్లగ్గుకి పెట్టి, తండ్రి ఫోనుతో కలిపి, అది అడిగిన ప్రతి ప్రశ్నకీ "అవును" అని నొక్కేసింది. అందులో, ఫోనులోని నంబర్లకి నేను ఫోన్లు చెయ్యవచ్చా అన్న ప్రశ్న కూడా ఉంది. తరవాత డబ్బాని సోఫాలో థర్మోకోల్ ముక్కల మధ్య పెట్టింది.

"ఆ స్టూలు ఇలా తేరా" అంది లక్ష్మీనరసమ్మ కొడుకుతో. "అవునుగానీ, గిరిబాబుకి ఫోన్ సేసేవా? రెండింటికి ఎల్లగలవా?"

"గిరిబాబు గారికి ఫోన్ చేస్తున్నాను" అంది థర్మోకోల్ కింద డబ్బా. సరిగ్గా అప్పుడే మిస్త్రీ డ్రిల్లు మొదలుపెట్టాడు. ఆ మాట ఎవరికీ వినబడలేదు.

షెడ్డులో గిరిబాబు ఫోనెత్తాడు. మొదట గుర్రుమని పెద్ద మెషీను చప్పుడు వినబడింది. "హలో, హలో" అన్నాడు. ఎవరూ పలకలేదు. మెషీను ఆగింది. పైడిరాజు గొంతు వినబడింది.

"మెల్లిగా బాబూ! మూల చిట్లిందంటే ఇంక పనికిరాదు!"

గిరిబాబు కుర్చీలోంచి లేచాడు. ఇంటి దగ్గర జరిగింది ఇది: టీవీ గోడకెక్కింది, స్విచ్చు వేశారు, బొమ్మ రాలేదు. తీగ ఒక కన్నంలో పెట్టబోయి మరో కన్నంలో పెట్టారు. గిరిబాబుకి వినబడింది మాత్రం ఇది:

"మొత్తం నల్లగా అయిపోనాదండీ. ఏటీ కనబడ్డం లేదు" అంది సౌభాగ్య గొంతు.

"పాతదే నయం. అనవసరంగా మార్పించేను" అంది పైడిరాజు గొంతు, దాదాపు ఏడుస్తూ.

ఆ తరవాత లక్ష్మీనరసమ్మ గొంతు ఎంతో నిబ్బరంగా అంది. "పోనీలేరా నాయనా. బొమ్మ రాకపోతే మానె. సెవులున్నాయి కదా, వినుకుంటాను."

గిరిబాబు కళ్ళు చెమర్చాయి. కంటికి నేరుగా డ్రిల్లు పెట్టే ఆసుపత్రి ఏదో అతనికి అర్థం కాలేదు. కానీ ఆ పెద్దావిడ ధైర్యం ముందు తను ఎంత అల్పుడో అర్థమైంది. ఫోను పెట్టేసి, తిన్నగా రైల్వే ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆవిణ్ణి ఎలాగూ ఇంటికే తీసుకొస్తారనుకుని, కళ్ళ డాక్టరు జ్యోతిర్మయిని, చేతిలో టార్చి ఉండగానే, పైడిరాజు క్వార్టరుకి జీపెక్కించాడు. దారిలో ఆంధ్ర సంఘం కార్యదర్శి చంద్రమౌళికి ఫోన్ చేసి, మనవాళ్ళకి కాస్త చెప్పమన్నాడు.

చంద్రమౌళి మనసు మంచిది, కంగారు ఎక్కువ. సంఘం వాట్సాప్ గ్రూపులో "మన లక్ష్మీనరసమ్మ గారి కన్ను... వెంటనే అందరూ పైడిరాజు క్వార్టరుకి రండి" అని తెలుగులో పెట్టాడు. మిగతా మాటలు కంగారులో రాయడం మరిచిపోయాడు. సంఘం కుర్రాళ్ళకి తెలుగు చదవడం అంతంతమాత్రం కాబట్టి, ఇలాంటివి హిందీలోకి మార్చే బాధ్యత రాకేష్‌ది. అతను కూడబలుక్కుని చదివాడు. కన్ను అనే మాట అతను ఇదివరకు చూసింది సంఘం సంతాప ప్రకటనల్లోనే, అదీ ‘మూశారు’తో కలిపి. చుక్కలున్న చోట ఆ ముక్క తనే పూరించుకుని, లక్ష్మీనరసమ్మాజీ ఇక లేరని హిందీలో అందరికీ పంపాడు. దారిలో ఒక బంతిపూల దండ కూడా కొన్నాడు.

పైడిరాజు ఇంట్లో ఈలోగా ప్రత్యూష తీగ సరైన కన్నంలో పెట్టింది. బొమ్మ వచ్చింది. మిస్త్రీ వెళ్ళిపోయాడు. లక్ష్మీనరసమ్మ తెరకి మూరెడు దూరంలో స్టూలేసుకుని మధ్యాహ్నం వార్తలు పెట్టించుకుంది. తలుపు చప్పుడైతే తనే లేచి వెళ్ళి తీసింది.

గుమ్మంలో పాతికమంది ఉన్నారు. ముందు గిరిబాబు, పక్కన తెల్లకోటులో డాక్టరమ్మ. వెనకాల చంద్రమౌళి, షెడ్డువాళ్ళు. అందరికన్నా వెనక మెట్లమీద, దండ పట్టుకుని రాకేష్. నలుగురాడవాళ్ళు అప్పటికే ఏడుపు మొదలుపెట్టి, మనిషిని చూసి మధ్యలో ఆపేశారు.

లక్ష్మీనరసమ్మ ఒక్కొక్కరినీ కుడికంటితో తేరిపార చూసింది. చివరికి దండ దగ్గర ఆగింది.

"ఆ దండ ఎవులికి నాయనా?"

రాకేష్ నోరు తెరిచాడు. చంద్రమౌళి ముందుకి దూకి, "కొత్త టీవీకండీ! కొత్త వస్తువు కదా, పూజ చెయ్యొద్దూ?" అన్నాడు. దండ లాక్కుని, హాల్లోకి నడిచి, టీవీకి వేసేశాడు. తెరమీద వార్తలు చదువుతున్నాయన బంతిపూల మధ్యనుంచి, ఎంతో ఆరోగ్యంగా, వాతావరణం సంగతి చెప్పుకుంటూ పోయాడు.

లక్ష్మీనరసమ్మకి ఇంక ఎవరూ ఏదీ చెప్పనక్కర్లేకపోయింది.

"పోనాననుకున్నారేటి? సర్లే, నిలబడ్డారేం, రండి. సౌభాగ్యా, పెద్ద గిన్నెతో టీ పెట్టు."

అందరూ నేలమీద సర్దుకున్నారు. గిరిబాబు మాత్రం కూర్చోలేదు. టీవీ వంక చూశాడు, గోడ కింద సిమెంటు పొడి వంక చూశాడు, ఖాళీ అట్టపెట్టె వంక చూశాడు. పైడిరాజు పెట్టె వెనక్కి వెళ్ళిపోదామా అన్నట్టు నిలబడ్డాడు.

"కంటి చెకప్ అన్నావు కదయ్యా?" అన్నాడు గిరిబాబు మెల్లగా.

పైడిరాజు నసిగాడు. "సార్... అదీ... అమ్మకి అక్షరాలు కనబడక..."

"ఆడినేటీ అనకు బాబూ" అంది లక్ష్మీనరసమ్మ. "నాకోసమే సేసినాడు. కన్ను సూపించుకుందారి అని ఏడాదినించి మొత్తుకుంతన్నాడు. నానే ఎల్లలేదు. బయమేసింది."

ఇంట్లోవాళ్ళు ముగ్గురూ ఆవిడవైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఆవిడ మాత్రం మరో టీ గ్లాసు అందిస్తూ, డాక్టరు జ్యోతిర్మయివైపు తిరిగింది.

"అమ్మా, టార్చీ తెచ్చేవు కదా. వచ్చినదానివి సూసీ."

డాక్టరమ్మ ఆవిడని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఎడమకన్ను చూసింది. పాతికమంది టీ తాగడం మానేశారు. రెండు నిమిషాలయ్యాక ఆమె టార్చి ఆపింది.

"బాగా ముదిరిపోయింది మామ్మగారూ. ఇంకో రెండు నెలలు ఊరుకుంటే ఆపరేషన్ కష్టమైపోయేది. గురువారం పొద్దున్న నా దగ్గరికి రండి. పావుగంట పని. నొప్పి తెలియదు."

లక్ష్మీనరసమ్మ హాలంతా ఒకసారి చూసింది. డ్యూటీ మధ్యలో మానేసి వచ్చిన షెడ్డువాళ్ళు, పొయ్యి ఆర్పేసి వచ్చిన ఆడవాళ్ళు, ఇంకా మొహమెత్తని రాకేష్.

"ఇంతమంది పనులు మానుకుని పరిగెట్టుకొస్తే ఇంకా మూడమేటి, ఆవకాయేటి? వస్తాను" అంది.

ఆ ఒక్క ముక్కకోసం ఏడాదిగా బతిమాలుతున్న పైడిరాజు గోడవైపు తిరిగి, ఏదో తీగ సరిచేస్తున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. గిరిబాబు అతని భుజంమీద చెయ్యి వేశాడు.

"చెకప్ అంటే చెకప్పే అయిందిగా. సెలవు సక్రమంగానే ఉంది. ఈ పూట మరి రానక్కర్లేదులే."

గురువారం ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన రోజున లక్ష్మీనరసమ్మ రెండు కళ్ళతోనూ కొత్త టీవీని ఆ మూలనుంచి ఈ మూలదాకా చూసింది. బాగుందంది. ఆ తరవాత వరండాలోకి వెళ్ళి దూరంగా పట్టాలమీద పోతున్న బొగ్గు బండిని చూసింది. ఎదురింటి జామచెట్టుమీద చిలకని చూసింది. డ్యూటీకి పోతున్న పక్క క్వార్టరు సత్యనారాయణని చూసి, "ఒరే, నీ సొక్కాకి మూడో బొత్తాం ఊడిపోనాది" అని కేకేసింది. స్టూలు వరండాలోకి తెప్పించుకుంది. మరి లోపలికి రాలేదు.

యాభై అయిదంగుళాల టీవీని ఇప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా చూడటం లేదు. ఆవిడ పక్కన చేరి, వీధి చూస్తూ ఆవిడ చెప్పే మాటలు వినడమే బాగుందంటోంది సౌభాగ్య.

కాలనీలో మగవాళ్ళందరూ ఈమధ్య బొత్తాలు సరిచూసుకుని డ్యూటీకి వెళ్తున్నారు.