నేల తాకిన ఇత్తడి

నేల మీద పడిన ప్రతి వస్తువుకీ ఒక యజమాని ఉంటాడని నాగరికత ఎప్పుడో నిర్ణయించింది. ఏ క్షణం నుంచి ఉంటాడన్నది మాత్రం టెక్సస్‌లో, కాపెల్‌కి ఉత్తరంగా నలభై నిమిషాల దూరంలో ఉన్న త్రీ పెకాన్స్ షూటింగ్ క్లబ్బు తేల్చింది. ఆ క్లబ్బు వారి ఇత్తడి స్వాధీన నియమావళి పదకొండు పేజీలు. పిస్టల్ పేలినప్పుడు బయటికి ఎగిరే ఖాళీ ఇత్తడి తొడుగు, దాని ప్రకారం, గాలిలో ఉన్నంతసేపు కాల్చినవాడిది. నేలను తాకితే క్లబ్బుది. ఆ తర్వాత వచ్చే అయిదు నిమిషాల విరామంలో కాల్చినవాడే వంగి ఏరుకుంటే మళ్ళీ అతనిది. ఎగిరి పక్కవాడి కాలర్‌లో పడితే చొక్కా ఎవరిదో ఇత్తడి వారిది (బొబ్బ కూడా).

ఖాళీ తొడుగుకి ఇంత చట్టమా అని తెలియనివాళ్ళు నవ్వుతారు. అది పారేసే వస్తువు కాదు. కడిగి, సరిచేసి, కొత్తగా మందూ గుండూ నింపితే మళ్ళీ పేలుతుంది. అంచు పగిలేదాకా అలా వాడుకోవచ్చు. అందుకని కొందరు సభ్యులు కాల్చడానికి వచ్చి ఏరుకుంటారు. ఇంకొందరు ఏరుకోవడానికే వచ్చి, మర్యాద కోసం కాలుస్తారు.

దైవాశీర్వాదం గారు రెండో రకం. వారమంతా ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఏరి, శనివారం ఇక్కడ ఇత్తడి ఏరేవారు. తన తొడుగులు ఇతరుల వాటిలో కలవకుండా ఒక్కోదాని అడుగున నీలం మార్కర్‌తో గీత గీసేవారు. మార్చి ఎనిమిదో తారీఖున ఏడో లేన్‌లో యాభై కాల్చారు. భుజం లాగుతోందని చెప్పి, ఏరుకోకుండానే వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళ సభ్యత్వంలో ఆయన వంగకుండా వెళ్ళినది ఆ ఒక్క రోజే. మంగళవారం పోయారు.

ఆయన భార్య నవోమి ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, కాఫీ దగ్గర షాలేం రాజు ఆమెను కలిశాడు. దైవాశీర్వాదం గారికి తమ్ముడి వరస. పైగా త్రీ పెకాన్స్ ఇత్తడి కమిటీ కార్యదర్శి. (పదకొండు పేజీలూ చదివినవాడు అతనొక్కడే కావడంతో ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అందులో తొమ్మిది అతనే రాశాడు.)

"వందనాలు వదినా. అన్న బ్రాస్ క్లబ్‌లోనే ఉంది. బకెట్‌లో వేసి ట్యాగ్ కట్టాను."

"ఇచ్చెయ్యి రాజూ. నీ కార్‌లో తెచ్చెయ్యకపోయావా?"

రాజు కాఫీ కప్పు కింద పెట్టాడు. "అయ్యో వదినా! అది అన్‌క్లెయిమ్‌డ్ బ్రాస్. కాల్చినవాళ్ళు అరవై రోజుల్లో క్లెయిమ్ చెయ్యకపోతే స్క్రాప్‌కి వెళ్ళిపోతుంది. మే ఏడో తారీఖు లాస్ట్ డేట్. నేనే ఎత్తుకొచ్చేస్తే రేపు నన్నెవరు నమ్ముతారు?"

"కాల్చిన మనిషి ఎలా వస్తారు రాజూ?"

"అందుకే కదా బీ-సెవెన్ ఫారం పెట్టింది," అన్నాడు రాజు ఎంతో ఆదరంగా.

బీ-7 నాలుగు పేజీల ఫారం. ఇత్తడితో దరఖాస్తుదారుకు గల సంబంధం అన్నచోట మూడు గడులున్నాయి: కాల్చారు, ఏరారు, తగిలింది. నవోమి నాలుగో గడి ఒకటి స్కేలుతో గీసి, 'కాల్చినవారి భార్య' అని రాసింది. దాన్ని కమిటీ పెద్దమనసుతో అంగీకరించింది. చిక్కంతా తొమ్మిదో ప్రశ్న దగ్గర వచ్చింది. ఇత్తడి ఏ ప్రయోజనానికి? మళ్ళీ నింపడానికి, కరిగించడానికి, చేతిపనులకు (గాలికి మోగే గంటలు వగైరా), ఇతరములు. ఇతరములకు అరంగుళం ఖాళీ వదిలారు.

తెలియకపోయినా సరే ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మనిషి, ఆ ప్రశ్నను ఖాళీగా వదిలింది. ఫారం తిరిగొచ్చింది. రెండోసారి ఆ అరంగుళంలో 'దగ్గర ఉంచుకోవడానికి' అని రాసింది.

దీనిపై కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. సభ్యులు ముగ్గురు. ఒకాయన ఫ్లారిడాలో ఉన్నాడు. వదిన వరస కాబట్టి రాజు ఓటు వేయనని నిజాయితీగా తప్పుకున్నాడు. మిగిలినది కాల్పుల చోటు చూసుకునే రేంజ్ ఆఫీసర్ గ్లెన్. నలభై ఏళ్ళ కాల్పుల తర్వాత గ్లెన్‌కు ఎవరి మాటా వినపడదు. విషయం మూడుసార్లు వివరించారు. మూడుసార్లూ "ఏంటీ?" అన్నాడు. దాన్ని వ్యతిరేక ఓటుగా నమోదు చేశారు.

"ప్రయోజనం లేకుండా ఉంచుకోవడాన్ని రూల్స్‌లో హోర్డింగ్ అంటారు వదినా, అక్రమంగా దాచడం," అని ఫోన్‌లో బాధపడ్డాడు రాజు. "రీలోడింగ్ అని టిక్ పెట్టెయ్యండి. ఈజీ."

"నాకు రీలోడింగ్ రాదు కదా. అబద్ధం రాయమంటావా?"

"నేర్చుకుంటే నిజమైపోతుంది. ముందు మెంబర్‌షిప్ టెస్ట్ రాయాలంతే."

ఆస్టిన్‌లో చదువుతున్న కూతురు షారన్ వీడియో కాల్‌లో ఇదంతా విని తల పట్టుకుంది. "మమ్మీ, సీరియస్‌లీ? ఆన్‌లైన్‌లో హండ్రెడ్ పీసెస్ దొరుకుతయ్. నేను ఆర్డర్ చేస్తా, టూ డేస్‌లో వస్తది."

"వాటికి నీలం గీత ఉండదమ్మా."

"మార్కర్ నేను కొంటా."

నవోమి ఫారం మడిచి పక్కన పెట్టింది. తెరలో షారన్ కాసేపు పక్కకు చూసింది. తర్వాత, "ఓకే, సారీ. టెస్ట్ ఎప్పుడు? నేను క్విజ్ చేస్తా నిన్ను," అంది.

మళ్ళీ నింపేవారు సభ్యులై ఉండాలి. సభ్యులు భద్రతా పరీక్ష రాయాలి. ఇరవై అయిదు ప్రశ్నలకు నవోమి ఇరవై అయిదూ సరిగ్గా రాసి, పదకొండో ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయని మార్జిన్‌లో సూచించింది. రాజు ఆ రాత్రే నియమావళికి పన్నెండో పేజీ చేర్చాడు.

మే మూడో తారీఖున, గడువుకు నాలుగు రోజుల ముందు, బకెట్ ఆమె చేతికి వచ్చింది. యాభై ఉన్నాయో లేదో అక్కడే లెక్కపెట్టుకోమన్నారు. ఒక్కోటి తిప్పి నీలం గీత చూస్తూ లెక్కపెట్టింది. ఉన్నాయి.

"సంతకం ఇక్కడ వదినా. ఇది టెంపరరీ ఇష్యూ. ముప్ఫై రోజుల్లో లోడ్ చేసి, మా ముందు కాల్చి చూపించాలి. లేకపోతే ప్రయోజనం నెరవేరనట్టు."

"ఏ పేజీలో ఉంది అది?"

"పన్నెండు."

తర్వాతి శనివారాలు రాజు కాపెల్‌లో వాళ్ళింటికి వచ్చి, గ్యారేజీలో దైవాశీర్వాదం గారు తొడుగులు నింపే ప్రెస్ ముందు ఆమెను కూర్చోబెట్టి నేర్పించాడు. ఆయన నోట్‌బుక్‌లో కొలతలన్నీ ఉన్నాయి. ఏడు అంకెకు ఆయన నడుమ అడ్డగీత పెడతారని నవోమికి తెలుసు, రాజుకు తెలియదు. అక్కడక్కడా ఆమే చదివి వినిపించింది. మీట కిందికి నొక్కడానికి ఆమె చేతికి మొదట్లో బలం చాల్లేదు.

"అన్న ఒక్క చేత్తో లాగించేసేవాడు," అన్నాడు రాజు. అని, ఆ పూటకు పని ఆపేసి, రూల్స్ పుస్తకం ఏదో కారులో మర్చిపోయానని బయటికి వెళ్ళి పావుగంట రాలేదు. వచ్చినప్పుడు చేతిలో పుస్తకం లేదు.

మే ముప్ఫై ఒకటి, శనివారం. ఏడో లేన్. నవోమి చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఏకబిగిన యాభై కాల్చింది. లక్ష్యపు కాగితానికి పెద్దగా నష్టం జరగలేదు. విరామం గంట మోగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వేడి చల్లారని తొడుగుల్ని ఒక్కోటీ నీలం గీత చూసి ఏరుకుంది. నాలుగున్నర నిమిషాల్లో యాభై. లేచి నిలబడి, అయిదు నిమిషాల నిబంధన మేరకు ఇవి నావి అన్నట్టు రాజు వైపు చూసింది.

రాజు బకెట్ చాచాడు.

"టెంపరరీ ఇష్యూ కదా వదినా. కాల్చగానే టెంపరరీ అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ క్లబ్‌వి. మళ్ళీ బీ-సెవెన్ పెడితే వచ్చే నెలకి మళ్ళీ ఇస్తాం."

"మళ్ళీ లోడ్ చేసి, మళ్ళీ కాల్చి?"

"అంతే కదా."

"అది కూడా పన్నెండో పేజీనా?"

"మీరు పదకొండో ప్రశ్న చెప్పారు కదా, ఆ ఊపులో రాశాను," అన్నాడు రాజు నేల చూపులు చూస్తూ. "అప్పుడు మీ సంగతి ఆలోచించలేదు వదినా. ఒట్టు. మార్చాలంటే జనరల్ బాడీ పెట్టాలి."

గ్లెన్ దూరం నుంచి "ఏంటీ?" అన్నాడు. దాంతో ఆ ప్రతిపాదన కూడా వీగిపోయింది.

రాజు బకెట్‌లో పడ్డ తొడుగుల్ని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. రెండింటిని పక్కనున్న డబ్బాలో పడేయబోయాడు.

"అవేంటి రాజూ?"

"అంచు పగిలాయి వదినా. ఇక లోడ్ అవ్వవు."

"అయితే ఎవరివి?"

రాజు నియమావళి తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. పగిలినవాటి గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. కార్యదర్శిగా అతనికి అది పెద్ద అవమానమే అయినా, మొహం మాత్రం మార్చి నెల తర్వాత ఎన్నడూ లేనంత విప్పారింది.

"ఎవరివీ కావు వదినా. తీసుకెళ్ళిపోండి. సంతకం కూడా అక్కర్లేదు."

నవోమి ఆ రెండూ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. జిప్ లాగి, "మిగతా నలభై ఎనిమిదీ పగలడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది.

"నెలకి రెండు చొప్పున..." అని రాజు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. లెక్కల టీచరు అతన్ని తొందరపెట్టలేదు. "రెండేళ్ళు వదినా. కరెక్ట్‌గా రెండేళ్ళు."

ఆమె వచ్చే నెల ఫారం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి నింపింది. ఈ బెంగ ఇంకా ఎన్నాళ్ళు అని ఆమె మార్చి నుంచి పాస్టరు గారిని, డాక్టరును, స్కూలు కౌన్సిలర్‌ను అడిగి చూసింది. అంకెలో జవాబు చెప్పినది త్రీ పెకాన్స్ షూటింగ్ క్లబ్బు ఒక్కటే.