చదవను, రాయను, మాట్లాడను వచ్చు

ఆ రోజు పొద్దున దినకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా తిరుత్తణిలో బయోడేటా ప్రింటు తీయించుకోవాలి, ఎలక్ట్రిక్ రైలెక్కి తిరువళ్ళూరులో దిగాలి, అక్కడి ఒక ప్రైవేటు స్కూలులో ఆ కాగితం ఇచ్చి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. ఎమ్మెస్సీ లెక్కలు, బీ.ఎడ్. పాసై రెండేళ్ళయింది. లెక్కల మాస్టారు కావాలన్నది తప్ప అతనికి వేరే కోరిక లేదు. జూన్‌లోపు ఉద్యోగం రాకపోతే కే.జీ.కండిగైలో తన ఎరువుల కొట్లో కూర్చోవాల్సిందేనని అక్క మొగుడు మునుస్వామి తేల్చి చెప్పేశాడు. యూరియా బస్తాలు లెక్కపెట్టడం కూడా లెక్కలేనని ఆయన వాదన.

బయోడేటా దినకరే రాసుకున్నాడు. పేరు, ఊరు, చదువు, మూడు నెలల టీచింగ్ ప్రాక్టీసు, ఇంటి దగ్గర ఆరుగురు పిల్లలకు ట్యూషను. అన్నీ నిజాలే కావడంతో అర పేజీలో అయిపోయింది.

బస్టాండు పక్కన బ్రౌజింగ్ సెంటర్ నడిపే గుణ ఆ అర పేజీని స్క్రీన్ మీద చూసి జాలిపడ్డాడు. గుణ పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. అయితేనేం, ఆ తాలూకాలో సగం మంది టీచర్ల యోగ్యతలు అతని కీబోర్డులో పుట్టినవే.

"ఏమన్నా ఇది? కరెంటు బిల్లు దీనికంటే పెద్దగా ఉంటాది. స్ట్రాంగ్‌గా లేదు."

"ఉండేది అంతే గదా గుణా."

"ఉండేది రాస్తే బయోడేటా ఎట్లవుతాది? నువ్వు అట్ల కూర్చో. నేను చేసిస్తాను."

గుణ చేతిలో పడ్డాక ఆరుగురు పిల్లల ట్యూషను 'దినకర్ అకాడమీ' అయింది. దినకర్ దానికి వ్యవస్థాపకుడు అయ్యాడు. ప్రాక్టీసులో ఉండగా ఒక పిల్లవాడు ఎండకు కళ్ళు తిరిగి పడితే సోడా తెప్పించిన సంగతి అడిగి తెలుసుకుని 'ప్రథమ చికిత్సలో అనుభవం' అని చేర్చాడు. చివరికి 'తెలిసిన భాషలు' అన్న చోటికి వచ్చాడు. అక్కడ మూడు గళ్ళున్నాయి: చదవను, రాయను, మాట్లాడను. తమిళం, ఇంగ్లీషు, తెలుగు అన్నిటికీ టపటపా టిక్కులు కొట్టేశాడు.

దినకర్ ఉలిక్కిపడ్డాడు. "తెలుగు మాట్లాడను మాత్రమే వచ్చు గుణా. చదవను రాదు నాకు."

"ఇంట్లో మాట్లాడేది అదే గదా?"

"మాట్లాడతాము. బళ్ళో చదివింది తమిళం గదప్పా. 'అ' యాడ మొదలుపెట్టాలో కూడా తెలీదు."

"తిరువళ్ళూర్‌లో నిన్ను తెలుగు చదవమని ఎవరు అడుగుతారన్నా? ఒక గడి కాలీగా ఉంటే పన్ను ఊడినట్ల ఉంటాది. ఉండనీ."

దినకర్ ఉండనిచ్చాడు. బయోడేటా మూడు పేజీలైంది. రైల్లో దాన్ని మొదటిసారి పూర్తిగా చదువుకున్నాక, ఇంత గొప్పవాడికి ఇంకా ఉద్యోగం ఎందుకు రాలేదో అతనికే అర్థం కాలేదు.

స్కూలు వరండాలో అప్పటికే ఒకామె ప్లాస్టిక్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పేరు కాంచన, ఊరు నగరి వైపు. ఆమె కూడా లెక్కల పోస్టుకే వచ్చానంది. ఉన్నది ఒక్కటే పోస్టని తెలిసి ఇద్దరూ మర్యాదగా నవ్వుకుని, ఎవరి దేవుడికి వాళ్ళు మొక్కుకున్నారు.

కరస్పాండెంట్ ధనకోటి ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచాడు. ఆయన దినకర్ బయోడేటాలో అకాడమీని దాటేశాడు, ప్రథమ చికిత్సను దాటేశాడు. మూడో పేజీలో ఆయన చూపుడువేలు ఠక్కున ఆగిపోయింది.

"తెలుగు చదవను, రాయను వచ్చునా నీకు?" అంటూ కుర్చీలోంచి లేచాడు. "దేవుడే పంపించినాడప్పా నిన్ను!"

దేవుడికి, గుణకు మధ్య ఆయన పొరబడటానికి కారణం ఉంది. అది తెలుగువాళ్ళ బడి అని ధనకోటి తాత సర్కారు దగ్గర తీసుకున్న సర్టిఫికెట్ ఒకటుంది. అది నిలవాలంటే బళ్ళో తెలుగు చెప్పాలి. తెలుగు టీచరమ్మ మానేసి మూడేళ్ళయింది. ఆమె సంతకం మాత్రం ఒక్క రోజు కూడా నాగా లేకుండా రిజిస్టరులో పడుతూనే ఉంది. ఆ తెలుగు పాఠాన్ని కళ్ళారా చూడటానికి పదకొండు గంటలకు ఆఫీసరు వస్తున్నాడు.

"సార్, నేను వచ్చింది లెక్కలకి..." అన్నాడు దినకర్.

"లెక్కలకి ఈ అమ్మ ఉండాది గదా. ఎం.ఏ. లెక్కలని రాసుండాది. నువ్వు తెలుగు. ఇద్దరూ ఇప్పుడే డెమో క్లాసు తీసుకోండి. ఆఫీసర్ ఓకే అంటే కండిప్పా, గ్యారంటీగా ఉద్యోగం మీకే. నువ్వు ఎయిత్ బీ, ఆయమ్మ ఎయిత్ ఏ. పోండి, పోండి."

ఆ టిక్కు అబద్ధమని చెప్పేయాలని దినకర్ నోరు తెరిచాడు. అది అబద్ధమంటే అకాడమీ సంగతేమిటని అడుగుతారు, అకాడమీ పోతే మిగిలేది ఆ అర పేజీ, అర పేజీతో ఇంటికి పోతే యూరియా. నోరు మూసుకుని చాక్‌పీసు తీసుకున్నాడు. కాంచన ముఖం కూడా ఎందుకో పాలిపోయి ఉంది గానీ, దాన్ని పట్టించుకునే స్థితిలో అతను లేడు.

ఎయిత్ బీలో నలభై మంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. తన జన్మలో తెలుగు అక్షరాలు ఎక్కడ చూశానా అని దినకర్ వెతుక్కుంటే ఒక్కటే తట్టింది. కాలేజీ బస్సు కోసం నాలుగేళ్ళు తిరుత్తణి బస్టాండులో నిలబడినప్పుడు ఎదురుగా ఆగే ఆంధ్రా బస్సుల బోర్డులు. అవి అక్షరాలుగా తెలియవు, బొమ్మలుగా తెలుసు. బోర్డు మీద 'తిరుపతి' అని రాశాడు. రాశాడనటం కంటే గీశాడనటం సబబు. దాని కింద 'పుత్తూరు', ఆ కింద 'నగరి', 'చిత్తూరు'. ఒక్కో పేరూ అతను పలికితే పిల్లలంతా గొంతెత్తి వల్లిస్తుంటే ఆ గది బస్టాండులాగే మోగింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు జయరామన్ లోపలికి వచ్చాడు. వెనుక ధనకోటి. జయరామన్‌కు తమిళం తప్ప మరో భాష రాదు. అయినా ఊళ్ళ పేర్లు చెవిన పడతాయి కదా.

"ఎన్న సార్, ఎల్లామే ఊర్ పేరా ఇరుక్కు?" అన్నాడు. అన్నీ ఊళ్ళ పేర్లే ఉన్నాయేమిటని.

"ముందు ఊళ్ళు, తరువాత అక్షరాలు సార్. కొత్త పద్ధతి. పిల్లలు తెలిసిన దాంట్లో నుంచి తెలియని దానికి పోతారు" అని దినకర్ తమిళంలో చెప్పాడు. బీ.ఎడ్.లో ఎప్పుడో బట్టీ పట్టిన ముక్క అది.

"రొంబ నల్ల మెథడ్!" అని ఆఫీసరు ముచ్చటపడి రాసుకున్నాడు. అంతటితో పోతే బాగుండేది. పోకుండా బ్యాగులోంచి ఒక పసుపు రంగు ఆహ్వాన పత్రిక తీశాడు. పుత్తూరులోని స్నేహితుడు గృహప్రవేశానికి పిలిచాడట, తేదీతో సహా అంతా తెలుగు అక్షరాల్లోనే ఉండటం వల్ల ఏ రోజో తెలియడం లేదట, కాస్త చదివి చెప్పమన్నాడు.

దినకర్ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. తిరుపతి అని ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. అంతలో కాంచన చాక్‌పీసు కావాలంటూ గుమ్మంలోకి వచ్చింది. అతని ముఖం చూసింది, చేతిలోని పత్రిక చూసింది, మెల్లగా దాన్ని తీసుకుని తలకిందులుగా ఉన్నదాన్ని తిన్నగా తిప్పి గడగడా చదివి తమిళంలో చెప్పేసింది. గృహప్రవేశం పదో తేదీ ఉదయం ఆరు గంటలకు, భోజనాలు పదకొండు నుంచి. పన్నెండో తేదీ అయి ఉంటుందనుకుంటున్న జయరామన్ భోజనం దక్కినందుకు పొంగిపోయాడు. ఈ బళ్ళో లెక్కల టీచరుకు కూడా తెలుగు ఇంత బాగా వచ్చని ఇంకో పేరా రాసుకుని టీ తాగడానికి వెళ్ళాడు.

వరండాలో కాంచన స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. "అన్నా, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎట్లయిందని పిల్లోళ్ళు అడిగినారు. ఇంటికి పోయి మీ నాయిన్ని అడగండని చెప్పి వచ్చేసినాను."

"నీది ఎం.ఏ. లెక్కలు గదా?"

"ఎం.ఏ. తెలుగు. తెలుగుకి పోస్టు యాడుండాదని మా అన్న ఆ ఒక్క మాట మార్పించినాడు. స్ట్రాంగ్‌గా ఉంటాదంట."

దినకర్ నేల మీదే చాక్‌పీసుతో గీసి రెండు నిమిషాల్లో ఆ మైనస్‌ల సంగతి విప్పి చెప్పాడు. "ఓ, ఇంతేనా!" అంది కాంచన. ఆ రోజు మొత్తంలో అతనికి సంతోషం కలిగింది ఆ ఒక్కసారే. తను నిజంగా మాస్టారేనని అప్పుడు అనిపించింది. ఆ ధైర్యంతోనే ఆమెను వెంటబెట్టుకుని, ఆఫీసరు వెళ్ళిపోగానే ధనకోటి గదిలోకి పోయి జరిగిందంతా ఒప్పేసుకున్నాడు.

"మమ్మల్ని మార్చేయండి సార్. ఆయమ్మకి తెలుగు, నాకు లెక్కలు. ఎవురికి వచ్చింది వాళ్ళు చెప్తాము."

ధనకోటి రెండు అపాయింట్‌మెంట్ ఆర్డర్ల మీద తాపీగా సంతకాలు చేసి, మూత పెట్టిన పెన్నును జేబులో పెట్టుకున్నాడు.

"ఏమప్పా అట్ల మాట్లాడతాండావు? తెలుగు టీచర్ దినకర్, కొత్త పద్ధతి కనిపెట్టినాడని ఆఫీసర్ రిపోర్టులో రాసేసినాడు. లెక్కల టీచర్ కాంచన అని కూడా రాసినాడు. ఇప్పుడు మిమ్మల్ని మారిస్తే ఆ రిపోర్టు అబద్ధం అయిపోదా? నన్ను గవర్నమెంటుని మోసం చెయ్యమంటావా?"

ఇద్దరూ ఆ ఉద్యోగాలు తీసుకున్నారు.

జూన్ నుంచి ప్రతి సాయంత్రం బడి వదిలాక స్టాఫ్ రూములో దినకర్ పలక ముందు పెట్టుకుని అఆలు దిద్దేవాడు, కాంచన పక్కనే కూర్చుని భిన్నాలు చేసేది. మర్నాటి పాఠం ఒకరికొకరు అప్పజెప్పుకున్నాకే రైలెక్కేవారు.

ఆ ఏడాది ఆ బళ్ళో నిజంగా చదువుకున్నది వాళ్ళిద్దరే.