కూరకొచ్చినోళ్ళ పంచాయితీ

ఇంగ్లండు దీవిలో ఓ పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, ఈ చివర తుమ్మితే ఆ చివరోడు చిరంజీవ అనడానికి వారం పట్టేది. వాన ఆగేదే కాదు. చేపలు కూడా గొడుగేసుకుని తిరిగేవి.

ఆ అడవికి పెద్ద దుప్పి దొర. ఆయన కొమ్ములకి మబ్బులు చిక్కుకుంటే, దులుపుకోడానికే పూట గడిచిపోయేది. అంత గొప్పోడికీ నెత్తి మీద కప్పు లేదు. అందుకని సముద్రం అవతలికి కబురెట్టేడు.

"పైడన్నా, గిజిగాళ్ళలో నీ అంత అల్లేవోడు లేడంట. మా అతిథిగా వచ్చి మాకు కప్పులు అల్లిపెట్టు నాయనా."

పైడన్న పెళ్ళాం నూకాలుని వెంటేసుకుని వచ్చేడు. అడవంతా కప్పులు అల్లేడు. ఒక్క చుక్క కారితే ఒట్టు. ఆఖర్న తనకో గూడు అల్లుకున్నాడు. నూకాలు అందులో గుడ్లు పెట్టి పొదుగుతోంది.

కప్పుల పని అయిపోయింది. దాంతోపాటే అతిథి అన్న మాటా అయిపోయింది. మొదట 'పనోడు' అన్నారు. ఓ రోజు గింజలు కాస్త ఎక్కువ తిన్నాడని 'పరాయోడు' అన్నారు. అదే పిట్ట, అదే ముక్కు.

దొర పంచాయితీ పెట్టించేడు. పక్కన కుందేలు శేషయ్య. గుమాస్తా నత్త పిలిచిన మర్నాటికి వచ్చింది.

"ఇకనించి అడవిలో మూడు మాటలు," అన్నాడు దొర. "సొంతోడు పండు తింటాడు. సగం సొంతోడు చెట్టు కింద కూచుని వాసన చూస్తాడు, గూడు మాత్రం పిల్లలకి ఇవ్వకూడదు. పరాయోడు రేపు పొద్దున్నకల్లా దీవి దాటాలి."

"పరాయోడంటే ఎవరు దొరా?" అన్నాడు పైడన్న.

"నీళ్ళు దాటి వచ్చినోడు. వాడి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు."

"గుడ్లు కూడానా?"

"గుడ్డులో ఉన్నది ఎవరి పిల్ల?"

పైడన్న గూటి వైపు చూసేడు. గుడ్లని మోసుకుని సముద్రం దాటలేడు. వదిలేస్తే చల్లారిపోతాయి. పైనించి నూకాలు చూస్తోంది.

ఆ పంచాయితీకో ఆచారం ఉంది. చట్టానికి చెయ్యెత్తేవోడు ముందు తన వంశం గొప్ప చెప్పుకోవాలి. పైడన్నకి అది తట్టింది.

"అలాగే దొరా. ఆచారం ప్రకారం మీ వంశాలు చెప్పి చేతులెత్తండి. విని వెళ్ళిపోతా."

దొర మెడ సాచేడు. "మా ముత్తాత అల్లాటప్పావోడు కాదు. అవతలి దేశం నించి రాజుగారితో ఒకే ఓడలో దిగేడు. రాజుగారు ఆయన్ని తప్ప వేటాడేవోరు కాదు." కాలెత్తేడు.

"మా తాతదీ అదే ఓడ," అన్నాడు శేషయ్య. "రాజుగారి పక్కనే, బోనులో."

"బోనులో ఎందుకండీ?" అన్నాడు పైడన్న.

"కూరకి," అన్నాడు శేషయ్య గర్వంగా. చెయ్యెత్తేడు.

నత్తకి రోషం వచ్చింది. "మీరు నిన్నగాక మొన్న వచ్చినోళ్ళు. మావోళ్ళు ఎప్పుడో రోము నించి దొరల భోజనానికి వచ్చేరు. వెన్నలో వేయించేవోరంట." కొమ్ములెత్తింది.

చట్టం పాసయిపోయింది.

నూకాలు గూట్లోంచి తల బైటపెట్టింది. "అయితే అందరూ నీళ్ళు దాటినోళ్ళేగా. మమ్మల్నొక్కళ్ళనే పిలిచేరు. మిగతావోళ్ళంతా కూరకొచ్చినోళ్ళే."

నత్త మెల్లిగా సముద్రం వైపు తిరిగింది. "నేనిప్పుడు బయల్దేరితేగానీ తెల్లారేసరికి గుమ్మం దాటలేను దొరా."

"ఆగవయ్యా. చట్టం రద్దు చేసేద్దాం," అన్నాడు దొర.

"రద్దుకి సొంతోడు చెయ్యెత్తాలి. ఒక్కడూ మిగల్లేదు," అంది నత్త.

దొర కొమ్ములు దించుకుని గూటి కిందకొచ్చేడు. "పైడన్నా, అతిథి అన్న మాట నీకు నేనే ఇచ్చేను. తీసేసినట్టు ఎవరూ చాటించలేదు. అతిథి పరాయోడి లెక్కలోకి రాడు, కాబట్టి చట్టం తగలనోడివి నువ్వొక్కడివే. మమ్మల్ని నీ అతిథులుగా ఉంచుకో బాబూ."

పైడన్న నూకాలు వైపు చూసేడు. నూకాలు సరేనంది.

గుడ్లు పగిలేయి. పిల్లలు పండ్లు తిన్నాయి. దొర కింద కూచుని వాసన చూసేడు.

కొన్నాళ్ళకి తడిసి ముద్దయిన పాలపిట్ట ఒకటి వచ్చి కొమ్మ మీద వాలింది. "అన్నా, ఈ రాత్రికి కాస్త చోటిస్తావా?"

పైడన్న గూట్లోంచి ముక్కు బైటపెట్టేడు. "నీళ్ళు దాటి వచ్చేవా?" అని అడిగి, పంచాయితీ పెట్టాలని నత్తకి కబురెట్టేడు. నత్త ఇంకా గుమ్మంలోనే ఉంది.

నీతి ఏటంటే, ఏ అడవిలోనైనా సొంతోడంటే ముందొచ్చి తలుపేసుకున్నోడే.