బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి రెండు సీట్ల కారు

ఆ ఆదివారం ఉదయం కళ్ళద్దాల దుకాణదారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరటి షెడ్డు తలుపు తీయాలి, లోపల కాపురం పెట్టిన ఎలుకల్ని తరమాలి, తొమ్మిదిన్నరకల్లా స్నానం చేసి పేపరు పట్టుకుని కూర్చోవాలి. అది అతని భార్య పురమాయించిన పని.

"నాన్న ఊళ్ళో లేనప్పుడే అయిపోవాలండీ. ఆయనుంటే షెడ్డు దగ్గరికి చీమని కూడా వెళ్ళనివ్వరు. ఎలుకల్ని తోలి, తాళం వేసి వచ్చేయండి. ఇంకేమీ ముట్టుకోకండి" అని ఆమె మరీ మరీ చెప్పింది.

షెడ్డు మామగారిది. ఆ మాటకొస్తే ఇల్లూ మామగారిదే. కింది వాటాలో మామగారూ అత్తగారూ, పై వాటాలో కూతురూ అల్లుడూ. మామగారు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఊళ్ళో బండి నడిపే ప్రతివాడూ ఏదో ఒకనాడు లైసెన్సు పరీక్షకి ఆయన పక్కన కూర్చుని చెమటలు కక్కినవాడే. ఆయన కసరరు, కేకలెయ్యరు. ఒళ్ళో ఒక అట్ట, దాని మీద కాగితం, చేతిలో పెన్సిలు. పెన్సిలు కదిలిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఎదురింటి టైలరుని ఏడుసార్లు తప్పించారు. అల్లుణ్ణి మూడుసార్లు తప్పించారు. అందులో మూడోది పెళ్ళయిన పదకొండో రోజున. నాలుగోసారి గట్టెక్కాక అల్లుడు కారు స్టీరింగు మళ్ళీ ముట్టుకున్న పాపాన పోలేదు. స్కూటరు మీద దుకాణానికి వెళ్తాడు, వస్తాడు.

షెడ్డులో ఉన్నది మామగారి కారు. రెండే సీట్లు, ముక్కు పొడవు, వీపు పొట్టి, నేలకి జానెడెత్తున పరుగుకి సిద్ధంగా కూర్చున్న పిల్లిలా ఉంటుంది. ఏ తోటల దొరో నడిపిన పందెపు కారని చెబుతారు. పంతొమ్మిదేళ్ళుగా టార్పాలిన్ కిందే ఉంది. ఎందుకు తీయరని ఎవరైనా అడిగితే, "ఆ బండికి తగ్గ రోడ్లు లేవు, ఆ రోడ్ల మీద తగిన మనుషులూ లేరు" అంటారు మామగారు. ఆ జవాబు విన్నవాళ్ళకి ఆయన మీద భయం ఇంకొంచెం పెరుగుతుంది.

అల్లుడు టార్పాలిన్ ఎత్తాడు. ఎలుకలు పారిపోయాయి గానీ, గూడు మాత్రం ఇంజను మీదే ఉంది. కార్బురేటరు మూతి నిండా కొరికిన గుడ్డపీలికలు. అక్కడితో తాళం వేసి వచ్చేస్తే ఈ కథే లేదు. కానీ అతను పదిహేనేళ్ళుగా ఆవగింజంత స్క్రూలతో కాపురం చేస్తున్నవాడు. బొటనవేలంత నట్లు తనకో లెక్కా అనుకున్నాడు. కొంపలు మునిగేది ఇలాంటి అనుకోవడాల వల్లే.

కార్బురేటరు విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించబోతుండగా ఒక నట్టు వేళ్ళలోంచి జారింది. టింగుమంది. తరవాత ఇంకెక్కడో టక్కుమంది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. ఇంజను మీద, కార్బురేటరు ఉండాల్సిన చోట, నోరు తెరిచినట్టు నల్లటి కన్నం కనిపించింది. టార్చి వేసి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. మామగారు రావడానికి పదమూడు రోజులుంది. ఆయన తన చెల్లెలి మోకాలి ఆపరేషనుకని అత్తగారితో కలిసి ఊరెళ్ళారు.

వీధి చివర మెకానిక్కు ఒకడున్నాడు. ఏ బండి చూపించినా "ఫర్వాలేదు" అంటాడు గనక అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఫర్వాలేదు వచ్చి, కన్నంలోకి ఒంటికన్నుతో చూసి, చెవి ఆనించి విన్నాడు.

"లోపలికే జారినట్టుంది సార్. హెడ్డు ఎత్తి చూడాలి. ఫర్వాలేదు."

"హెడ్డంటే?"

"ఇంజను తలకాయండి."

"తలకాయ తీస్తే మళ్ళీ అతుకుతుందా?"

"మనుషులకైతే కష్టం సార్."

హెడ్డు ఎత్తబోతే తుప్పు పట్టిన బోల్టులు రెండు మధ్యకి విరిగాయి. విరిగిన ముక్కలు తీయాలంటే ఇంజను కిందికి దించాలి. ఇంజను దించాలంటే బానెట్టు ఊడదీయాలి. బానెట్టు ఊడదీసి, గొలుసు కట్టి ఇంజను పైకి లాగుతుంటే గొలుసు సర్రున జారి, ఇంజను ముందు చక్రం మీది రేకుని ఒక్క గుద్దు గుద్దింది. రేకు గిన్నెలా లోపలికి పోయింది. ఒక్క రేకుకే రంగు వేస్తే తేడా తెలుస్తుంది గనక బండి మొత్తానికి వేయాలి. ప్రతి మెట్టు దగ్గరా మెకానిక్కు తన మాట తాను అన్నాడు.

మంగళవారం సాయంత్రం అతని భార్య, ఉతకడానికి తీసిన ప్యాంటు మడతలోంచి ఏదో తీసి చూపించింది.

"ఇదేంటండీ? కళ్ళద్దాలకి ఇంత లావు నట్లు కూడా ఉంటాయా?"

అతను దాన్ని చూశాడు. ఇంజనులో ఎన్నడూ పడని ఆ నట్టు ఆమె అరచేతిలో మెరుస్తోంది. ఆ వేళకి ఇంజను షెడ్డు నేల మీద, దాని తలకాయ పాత దుప్పటి మీద, బానెట్టు గోడకానించి ఉన్నాయి. అతను మంచం మీద కూలబడి ఉన్నదంతా చెప్పేశాడు.

"నాన్నకి ఎవరు చెబుతారు?" అంది ఆమె.

"నువ్వే. మీ నాన్న కదా."

"మీ మావయ్యగారు కదా."

ఇద్దరూ చెప్పలేదు. మామగారు రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేసేవారు.

"ఇల్లెలా ఉంది అల్లుడుగారూ?"

"ఇక్కడే ఉందండి."

"షెడ్డు?"

"అదీ ఇక్కడే ఉందండి."

అవతల పెన్సిలు కదులుతున్న చప్పుడు వినిపించినట్టయ్యేది అతనికి.

రెండో వారంలో ఇంజను మళ్ళీ లోపలికి వెళ్ళింది గానీ పాత కార్బురేటరు బిగించేటప్పుడు పగుళ్ళిచ్చింది. మెకానిక్కు తన దగ్గరున్న పాలవ్యాను కార్బురేటరు తొడిగాడు. "ఇంజను కొంచెం హుషారెక్కువ చూపిస్తోంది సార్, ఫర్వాలేదు" అన్నాడు. కారుకి మొదట్నుంచీ ఉన్న ముదురు ఎరుపు రంగు ఎక్కడా దొరకలేదు. ఫైరింజనుకి వేయగా మిగిలిన డబ్బా ఒకటి దొరికింది. తలుపులూ బానెట్టూ తోపుడుబండి మీద వేసుకుని రంగులవాడి దగ్గరికి తీసుకెళ్తుంటే, ఎదురింటి టైలరు టేపు మెళ్ళో వేసుకుని గుమ్మంలో నిలబడి చూశాడు. చూసి ఊరుకోలేదు. ఏడుసార్లు తప్పినవాడు ఊరుకుంటాడా. మామగారికి ఫోను చేసి, "కారు ముక్కలు ముక్కలుగా బయటికి పోతోందండీ. మీ అల్లుడుగారు అమ్మేస్తున్నట్టున్నారు" అని చెప్పాడు.

ఆ సాయంత్రం ఫోను ఏడింటికి కాదు, అయిదింటికే మోగింది.

"కారు సంగతి విన్నాను" అన్నారు మామగారు. గొంతు చాలా మెత్తగా ఉంది. అంత మెత్తటి గొంతుతో ఆయన మాట్లాడింది ఒక్క సందర్భంలోనే అల్లుడు విన్నాడు: బండి దిగి నడిచి వెళ్ళమన్నప్పుడు.

"మావయ్యగారూ, అది..."

"ఏమీ చెప్పకండి. మొదలుపెట్టారు కదా, మధ్యలో ఆపకండి. మేం రేపు పొద్దున్నే వస్తున్నాం."

అల్లుడు ఫోను పెట్టేశాడు. "ఆపకండి అన్నారు. ఆ మాటలో ఎంత కోపముందో చూశావా?" అన్నాడు భార్యతో. ఆమె కూడా చూసింది. తండ్రి కోపం వస్తే అరవరు, మర్యాదగా మాట్లాడతారని ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు.

మర్నాడు తెల్లవారకముందే మెకానిక్కుని లేపుకొచ్చారు. రంగులవాడి దగ్గర్నుంచి తెచ్చిన తలుపులు బిగించారు, బానెట్టు కూర్చోబెట్టారు, ఆరీ ఆరని రంగు మీద విసనకర్రతో విసిరారు. తొమ్మిదింటికి మెకానిక్కు ఇంజను తిప్పాడు. అది ఒక్కసారి దగ్గి, తరవాత గర్జించడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళ తరవాత వినిపించిన ఆ చప్పుడుకి వీధి వీధంతా గేటు దగ్గరికొచ్చింది. వచ్చినవాళ్ళలో సగంమంది ఒకప్పుడు తప్పినవాళ్ళే. సరిగ్గా అప్పుడే టాక్సీ ఆగి మామగారూ అత్తగారూ దిగారు.

మామగారు నవ్వుతూ దిగారు. అల్లుడు ఆయన పళ్ళు చూడటం అదే మొదలు. గేటు దాటి, వాకిట్లో భగ్గుమని మెరుస్తూ బుసలు కొడుతున్న కారుని చూడగానే ఆ నవ్వు ఆరిపోయింది. మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. ఇక నా పని అయిపోయింది అనుకున్నాడు అల్లుడు.

"క్షమించండి మావయ్యగారూ, నట్టొకటి పడిందనుకుని..."

"ఇది... నడుస్తుందా?" అన్నారు మామగారు.

"గుర్రంలా పరుగెడుతుంది సార్" అన్నాడు మెకానిక్కు.

టైలరు ముందుకొచ్చాడు. "ఒక్క చుట్టు తిప్పండి సార్. మాకందరికీ పరీక్షలు పెట్టారు గానీ, మీరు నడపగా మేం ఒక్కసారీ చూడలేదు."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మామగారు వీధిని చూశారు, కారుని చూశారు. తప్పించుకునే దారి ఏ వైపూ కనిపించలేదు కాబోలు, చొక్కా పై గుండీ పెట్టుకున్నారు.

"అల్లుడుగారూ, మీరూ ఎక్కండి" అన్నారు.

ఉరిశిక్ష ఏకాంతంగా అమలుచేస్తారేమో అనుకుంటూ అల్లుడు ఎక్కాడు. మామగారు గేరు వేశారు. కారు ముందు కప్పలా గెంతింది, తరవాత బాణంలా గేటు దాటింది. వీధి మొదట్లో బేకరీ వెళ్ళిపోయింది. బడి గోడ వెళ్ళిపోయింది. పాలవ్యాను కార్బురేటరు తన హుషారంతా చూపిస్తోంది. అల్లుడు పక్కకి తిరిగి చూశాడు. మామగారు స్టీరింగుని రెండు చేతులతో కావలించుకున్నారు. కళ్ళు సగం మూసుకున్నారు. ముందు పల్లం, పల్లం చివర మలుపు.

"అల్లుడుగారూ" అన్నారు ఆయన సన్నగా. "బ్రేకు ఎటు?"

అల్లుడు తప్పుగా విన్నాననుకున్నాడు. "ఏంటండీ?"

"బ్రేకు. ఎటు?"

"మధ్యలోదండి."

"మధ్యలో అంటే నా ఎడమకాలి కిందా, కుడికాలి కిందా?"

ఆ ప్రశ్నకి జవాబు ఆలోచించే వ్యవధి లేదు. అల్లుడు రెండు చేతులతో హ్యాండు బ్రేకు పట్టుకుని, పెళ్ళాం పిల్లల్ని తలుచుకుని పైకి లాగాడు. పిల్లలు లేరన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు. కారు కీచుమంటూ గిర్రున సగం తిరిగి, కొత్తగా కడుతున్న ఒక ఇంటి ముందున్న ఇసుకగుట్టలోకి ముక్కు దూర్చి ఆగింది. ఇంజను ఆరిపోయింది. బానెట్టు మీదికి ఇసుక సర్రున జారింది.

"ఇది నడపడం నా వల్ల కాదని కొన్న రోజునే తెలిసింది నాకు" అన్నారు మామగారు, ముందుకే చూస్తూ. "షెడ్డుకి చేర్చేలోపల చచ్చి బతికాను. ముప్ఫై ఏళ్ళూ పక్క సీట్లోనే కూర్చున్నాను అల్లుడుగారూ. ఆఫీసు జీపుకి డ్రైవరుండేవాడు. ఎవడైనా కొంచెం వేగంగా పోతే నా ప్రాణం పోయేది. పెన్సిలు గీసేవాణ్ణి."

"మరి ఇన్నాళ్ళూ అమ్మేయలేదేమండీ?"

"బ్రేకు ఇన్‌స్పెక్టరు భయపడి కారు అమ్మేశాడంటారు కదా. నిన్న మీరు అమ్మేస్తున్నారని విన్నాను. చాలా ఏళ్ళ తరవాత హాయిగా నిద్రపట్టింది."

అల్లుడు ఒకప్పుడు ఎవరి పక్కన చెమటలు కక్కాడో, ఆయనే ఇప్పుడు తన పక్కన చెమటలు కక్కుతున్నారు. జేబురుమాలు తీసి ఇచ్చాడు. మామగారు మొహం తుడుచుకున్నారు.

అప్పటికి అత్తగారూ, ఆవిడ వెనకే కూతురూ పరుగున వచ్చారు. అత్తగారు ఇద్దర్నీ తలనుంచి కాళ్ళదాకా చూసి, ఎముకలు విరగలేదని నిర్ధారించుకుని, "దిగండి" అన్నారు.

ఇద్దరూ దిగారు. ఆవిడ చెప్పులు విప్పి సీటు వెనక పెట్టి, స్టీరింగు ముందు కూర్చున్నారు. ఇంజను తిప్పి, వెనక్కి ఒకసారి చూసుకుని, కారుని ఇసుకలోంచి వెన్నలోంచి వెంట్రుకలా వెనక్కి తీశారు. మామగారు కారు తలుపు దగ్గరికి వంగారు.

"నీకు... ఎప్పుడొచ్చింది?"

"మీరు రిటైరైన ఏడాది. సాయంత్రాలు సంగీతం క్లాసుకి వెళ్తున్నానని చెప్పాను కదా."

"పరీక్ష ఎవరు పెట్టారు?"

"పక్క ఊరి ఇన్‌స్పెక్టరుగారు. మొదటిసారికే ఇచ్చేశారు. మంచివారు." ఆవిడ గేరు మార్చి, కూతురి వైపు చూసి, పక్క సీటు తట్టారు. "రావే. ఆ పెద్ద రోడ్డు దాకా వెళ్ళొద్దాం. బండి బాగుంది బాబూ, రంగే కొంచెం ఎక్కువైంది."

కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, మామా అల్లుళ్ళు రోడ్డు అంచున, నిబంధనల ప్రకారం ఒకరి వెనక ఒకరు నడుస్తూ ఇల్లు చేరారు.