పోస్టరులో నిలబడ్డ హెడ్మాష్టారు

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉండేది. బడి అన్నాక హెడ్మాష్టారు ఉండాలి కనుక ఏనుగు గంభీరయ్యగారు ఉండేవారు. హెడ్మాష్టారు ఉన్నాక కమిటీ ఉండాలి కనుక దానికి కార్యదర్శిగా నక్క ఉండేది. పిల్లలు కూడా ఉండేవాళ్లు.

ఆ బడిలో అచ్చుపని ఒక పాఠం. ఏడాది చివర్లో ప్రతి ఒక్కరూ అడవికి పనికొచ్చే పోస్టరు ఒకటి తయారుచెయ్యాలి. బొమ్మ గీసిస్తే వడ్రంగిపిట్ట తాత దాన్ని చెక్కమీద చెక్కేవాడు. ఆ చెక్కకి నేరేడుపళ్ల రసం పూసి, కలిపి కుట్టిన టేకాకుల మీద అద్దితే పోస్టరు. అది అంటించాక, 'ఈ పనివల్ల నేనేం నేర్చుకున్నాను' అని ఒక పేజీ రాయాలి. పోస్టరుకి నలభై మార్కులు, పేజీకి అరవై. చేసిన పనికన్నా దాని గురించి చెప్పే మాటకి ఎక్కువ మార్కులెందుకని ఎవరూ అడగలేదు. అడగడమనే పాఠం ఆ బడిలో లేదు.

ముళ్లపంది పిల్ల సూదిమల్లికి విషయం వెతుక్కునే పని పడలేదు. వాగుకి అడ్డంగా ఒక దుంగ ఉంది, అదే వంతెన. ఒకరోజు తాత దాన్ని ముక్కుతో టకటకా కొట్టి చూశాడు.

"లోపలంతా డొల్లే తల్లీ. చెదలు తినేశాయి. ఇవాళో రేపో ఎవరో ఒకరితో సహా కూలుతుంది."

రోజూ పొద్దున్నే ఆ దుంగ మీంచే దుంపలకోసం అవతలికి వెళ్లేది సూదిమల్లి వాళ్లమ్మ. ఆవిడకి చూపు ఆనదు. ఎంత చెప్పినా, "నిన్న మోసింది, ఇవాళ మొయ్యదా?" అనేది.

సూదిమల్లి తన ముల్లొకటి పీకి సిరాలో ముంచింది. గీసినదాన్ని పదడుగుల దూరంలో పట్టుకుని నిలబడింది.

"ఏం కనపడుతోందమ్మా?"

"మామిడికాయ."

చుట్టూ వేసిన చెట్లు తీసేసి మళ్లీ గీసింది.

"ఇప్పుడో?"

"రెండు మామిడికాయలు."

మూడోసారి అన్నీ తీసేసింది. లావుపాటి గీతలతో నడిమికి విరిగిన దుంగ ఒక్కటే వేసి, కింద పెద్ద అక్షరాలతో 'ఎక్కొద్దు. పైరేవున దాటండి' అని రాసింది.

అమ్మ ఒక్క చూపు చూసి లేచి నిలబడింది. "అయ్యయ్యో, ఇంతలా విరిగిందా! చెప్పవేమే? రేపట్నించి పైరేవు నుంచే పోతాలే."

వారం నుంచి చెబుతున్నానని సూదిమల్లి అనలేదు. నమూనా చుట్టుకుని బడికి పరిగెత్తింది.

అచ్చుపని చెప్పే నెమలి మాష్టారు దాన్ని చాలాసేపు చూశారు.

"ఖాళీ ఎక్కువైందమ్మా."

"దూరం నుంచి కనపడాలని వదిలాను సార్."

"ఖాళీ వదిలితే మనం పని చెయ్యలేదనుకుంటారు. చుట్టూ ఈకల అంచు వేద్దాం."

హెడ్మాష్టారి వెంట వచ్చిన నక్క మెడ సాచి చూసింది. "అంచు సరేనండీ, అయ్యగారి బొమ్మేదీ?"

"నా బొమ్మెందుకయ్యా?" అన్నారు గంభీరయ్యగారు. "వద్దు వద్దు. మరీ తప్పదంటే చిన్నది వెయ్యండి. సగం ఆకు చాలు. అంతకన్నా తగ్గితే తొండం పట్టదు."

హెడ్మాష్టారు ఉన్నాక కమిటీ లేకపోతే బాగుండదు. పదకొండుమంది ముఖాలూ పైన వరసగా చేరాయి. తన ముఖం అడవిపంది ముఖంకన్నా అరంగుళం తగ్గిందని ఎలుగుబంటి అలిగింది. తీగతో కొలిచి, ఇద్దరివీ సమానం చేశారు. ఆ అరంగుళమూ అక్షరాల్లోంచి తీశారు.

"సార్, దుంగ..." అంది సూదిమల్లి.

"ఉంచుదాంలే, ఎవరు తీసెయ్యమన్నారు?" అన్నారు నెమలి మాష్టారు. "కాకపోతే, అయ్యగారి బొమ్మ కింద విరిగిన వస్తువు ఉండటం అశుభం. అతికించేద్దాం. దాని మీద అయ్యగారు నిలబడి తొండమెత్తి దీవిస్తున్నట్టు వేస్తే కళగా ఉంటుంది."

"మరి ఎక్కొద్దన్న మాట?"

నక్క నవ్వింది. "కుడివైపు మూలన, అంచులో మూడో ఈక కింద పెడదాం. చదివేవాళ్లు వెతుక్కుని చదువుతారు."

వడ్రంగిపిట్ట తాత చెప్పింది చెప్పినట్టు చెక్కాడు. ఆ అక్షరాలు చెక్కేటప్పుడు మాత్రం, "చీమలకి పనికొస్తుంది" అని గొణిగాడు.

పోస్టరు అచ్చయి వాగు పక్క చెట్టుకెక్కింది. ఆవిష్కరణకి అడవంతా వచ్చింది. ఎవరి ముఖం వాళ్లు వెతుక్కున్నారు. దొరికినవాళ్లు బాగుందన్నారు, దొరకనివాళ్లు రంగు పలచబడిందన్నారు.

సూదిమల్లి వాళ్లమ్మ పదడుగుల దూరంలో నిలబడి కళ్లు చికిలించింది. ఆవిడ ముఖం విప్పారింది.

"దుంగ బాగుచేశారన్నమాట!"

"లేదమ్మా, అది బొమ్మలోనే!"

"ఊరుకోవే. సాక్షాత్తూ హెడ్మాష్టారే ఎక్కి నిలబడితే! అంతటాయన్ని మోసింది నన్ను మొయ్యదా? పైరేవు నుంచి తిరిగీ తిరిగీ కాళ్లు పోతున్నాయి."

అది నక్క చెవిన పడనే పడింది.

"పోస్టరు గీసిన పిల్ల తల్లి కదా! దుంగ మీద మొదటి అడుగు ఆవిడదే కావాలి. చప్పట్లు కొట్టండి! రండమ్మా, రండి."

చప్పట్లు మోగాయి. అమ్మ సిగ్గుపడుతూనే దుంగవైపు నడిచింది. సూదిమల్లికి ఒంటిమీది ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. డొల్ల అని అరిస్తే వినేదెవరు? అందరూ పోస్టరు చూస్తున్నారు, పోస్టరులో దుంగ గట్టిగా ఉంది. ఆ పిల్ల కూడా ఒకసారి పోస్టరు వంక చూసింది. అందులో ఎవరు పెద్దగా ఉన్నారో చూసింది.

వెంటనే వెళ్లి గంభీరయ్యగారి ముందు చేతులు కట్టుకుంది.

"సార్, పోస్టరులో దుంగ మీదున్నది మీరు. మీరుండగా మా అమ్మ ముందెక్కితే మర్యాదగా ఉంటుందా?"

చప్పట్లు ఆగిపోయాయి. కమిటీ ముఖాలు చూసుకుంది.

"పిల్లకి పద్ధతి తెలుసు," అన్నారు గంభీరయ్యగారు. "నువ్వు కాస్త ఆగమ్మా."

"అచ్చం పోస్టరులోలాగే నిలబడాలి సార్!" అంది నక్క.

ఆయన దుంగ నడిమికి వెళ్లి తొండమెత్తారు. దీవెన సగంలో ఉండగా దుంగ కూడా సగమైంది.

వాగులో నీళ్లు మోకాలి లోతే. బురద మాత్రం ఎక్కువ. గంభీరయ్యగారికి దెబ్బలేం తగల్లేదు. పైకి లాగడానికి కమిటీ పదకొండుమందీ సాయంత్రం దాకా వరసగా నిలబడ్డారు. ఎవరు ముందుండాలన్న దానిమీదే కాస్త ఆలస్యమైంది.

అమ్మ కూతురి పక్కకొచ్చి నెమ్మదిగా అంది: "నీ విరిగిన దుంగ బొమ్మే సరిగ్గా ఉందే."

మర్నాడు కమిటీ తీర్మానించింది: 'దుంగ ప్రమాదకరమన్న సంగతి అడవి అంతటికీ తెలిసింది. కాబట్టి పోస్టరు విజయవంతం.' నలభైకి నలభై వేశారు.

ఇక పేజీ మిగిలింది. సూదిమల్లి ఇలా రాసింది:

'మొదటి నమూనా మా అమ్మకి మామిడికాయలా కనపడింది. అడిగి, తీసేసి, మళ్లీ గీస్తే దుంగలా కనపడింది. గీయడమంటే కలపడం అనుకునేదాన్ని, తీసెయ్యడం అని తెలిసింది. తర్వాత కమిటీ కలిపింది. అప్పుడు మా అమ్మకి విరిగిన దుంగ గట్టి దుంగలా కనపడింది. ఈసారి పోస్టరు గీస్తే ముందు దారిన పోయేవాళ్లకే చూపిస్తాను.'

నెమలి మాష్టారు రెండుసార్లు చదివారు. అరవైకి ఆరు వేసి, పక్కన ఎర్రసిరాతో రాశారు: 'పేజీకి అంచు లేదు.'

విరిగిన దుంగ నమూనాని అమ్మ బొరియ గుమ్మానికి అంటించుకుంది. దుంగే లేకపోయాక అదెందుకని పక్కింటి కుందేలు అడిగితే, "నాకు కనపడుతుంది కనుక" అంది.

నీతి: ప్రమాద హెచ్చరిక మీద పెద్దల బొమ్మ ఎంత పెద్దగా వేస్తే అంత మంచిది, ముందు ఎక్కేది వాళ్లే అవుతారు.