అధ్యక్షుణ్ణి వెక్కిరించని గాయ్ జాత్ర

ఆ పొద్దున పూర్ణభక్త వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరేగింపు తమ వీధిలోకి వచ్చేలోపు ఎలాగోలా తనను నలుగురిలో వెక్కిరించేలా చూసుకోవాలి. అంతే.

భక్తపూర్‌లో మా పేటకు ఆయన వార్డు అధ్యక్షుడు. నేపాల్లో రాజుగారి పంచాయతీల కాలమది. మామూలు రోజుల్లో అధ్యక్షుడి మీద ఎవరైనా నోరు జారితే, మరుసటి వారం ఆ సందులో కుళాయి ధార సన్నబడేది. గాయ్ జాత్ర పండగ వచ్చిందంటే మాత్రం మంత్రినైనా, అధ్యక్షుణ్ణయినా, కట్టుకున్న మొగుడినైనా నడివీధిలో ఆడిపోసుకోవచ్చు. ఎవరూ నొచ్చుకోకూడదు. ఆ ఏడాది చావు జరిగిన ప్రతి ఇంటివాళ్లూ వెదురుబొంగులు నిలువుగా కట్టి, పోయినవాళ్ల బట్ట చుట్టి, ఫోటో తగిలించి ఊరంతా తిప్పుతారు. ఏడ్చే ఇళ్లను నవ్వించడానికే ఈ వెక్కిరింతలు పుట్టాయని పెద్దవాళ్లు చెప్పేవారు.

మా పేటలో అధ్యక్షుడి వేషం కట్టేది టోపీలు కుట్టే అష్టనారాయణ్. పొట్టకు దిండు కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని అతను ఇటుకల అరుగెక్కితే చాలు, జనం ఇళ్లల్లో అన్నం వదిలేసి వచ్చేవారు. వీధి కుళాయికని బయల్దేరిన నీళ్లు దారి తప్పి అధ్యక్షుడి పెరట్లో తేలిన కథ పోయిన ఏడాదిది. అది చూసి పూర్ణభక్త రెండు పూటలా అన్నం ముట్టలేదు. పై అంతస్తు కిటికీలోంచి మాత్రం ఆయన తల్లి, మేమంతా అజీ, అంటే అవ్వ, అని పిలిచే నానీమయా నవ్వు ఆగలేదు. పళ్లులేని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఊపిరందక, కిటికీ చెక్కను అరచేత్తో దబదబా బాదుతూ నవ్వేది. ఆ చప్పుడు వినబడితేనే ఆట పండినట్టు. ఊళ్లో ఎన్ని డోళ్లు మోగినా, ఆ రోజుల్లో పండగంటే మాకు ఆ కిటికీ చప్పుడే.

చలికాలంలో అజీ పోయింది. పోయేముందు కొడుకును దగ్గరకు పిలిచింది.

"ఒరే పూర్ణా, నా బొంగు ఈ కిటికీ కింద నుంచి వెళ్లేటప్పుడు నిన్ను వెక్కిరించడం నాకు వినబడాలి."

"అలాగేనమ్మా. అష్టనారాయణ్‌కి చెప్తాలే."

"చెప్పావంటే చూడు! అడిగి చేయించుకుంటే దాన్ని వెక్కిరింతంటార్రా? సన్మానం అంటారు. డబ్బిచ్చినా అంతే. వాడంతట వాడే అనాలి. నువ్వు లోపల కుతకుతలాడాలి. అప్పుడే నాకు నవ్వొచ్చేది."

బతికున్నప్పుడు తల్లి మాట ఎన్నిసార్లు వినలేదో పూర్ణభక్తకు తెలుసు. ఈ ఒక్కటైనా దక్కించాలని ఆయన పట్టు. అందుకే ఆ పొద్దున గుండు మీద తెల్లగుడ్డ సర్దుకుని, ఏడాది మైల తెల్లబట్టల్లో, టోపీల దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డాడు. నవ్వు మొహం పెట్టబోయాడు. ఆ ముఖానికి నవ్వు అలవాటు లేదు. పంటినొప్పి వచ్చినవాడిలా కనిపించాడు.

"ఏమోయ్, ఈ ఏడు నా మీద ఏం కడుతున్నావ్?"

అష్టనారాయణ్ చేతిలో సూది ఆగిపోయింది. "ఏమీ లేదన్నా! తల్లి పోయి దుఃఖంలో ఉన్నావ్. నీ పేరెత్తితే నా నాలుక కోసుకుంటాను."

"ఎత్తితే ఏమవుతుంది?"

ఎత్తవయ్యా బాబూ, ఏమీ కాదు అని ఆయన ఉద్దేశం. కానీ జీవితమంతా తగువులు తీర్చిన గొంతు అది. అష్టనారాయణ్ వేలికి సూది దిగింది.

"ఏమవుతుందో తెలుసన్నా. పిల్లలు గలవాణ్ణి."

"పోయినేడు బాగానే ఎగిరావుగా?"

"తప్పయిపోయిందన్నా! బుద్ధి గడ్డి తింది!" అంటూ అతను రెండు చెవులూ పట్టుకున్నాడు. పూర్ణభక్త ఇంకేమంటే ఇంకేమవుతుందోనని గిరుక్కున వెనక్కి తిరిగాడు. అదీ కోపంలాగే కనిపించింది.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఒక ఉపాయం తోచింది. మైల బట్టల్లో ఉన్నాడు గనక తన పాత నల్లకోటు పెట్టెలోనే పడి ఉంది. మోచేతుల దగ్గర చిరిగి, గుండీలు ఊడి, చూస్తేనే నవ్వొచ్చేట్టుంది. దాన్ని వార్డు గుమాస్తా సానూకాజీ చేతికిచ్చాడు.

"అష్టనారాయణ్‌కి ఇచ్చిరా."

"ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకు. వాడికే అర్థమవుతుంది."

వేషానికి ఇంతకన్నా మంచి కోటు దొరకదు, చూడగానే అతనికి చేతులు ఊరుకోవు అనుకున్నాడు. అష్టనారాయణ్ చేతులు నిజంగానే ఊరుకోలేదు. వంటలు అయ్యేలోపే కోటు తిరిగొచ్చింది. మోచేతులకు అతుకు పడింది, కొత్త గుండీలు మెరుస్తున్నాయి, ఇస్త్రీ కూడా అయింది.

"కూలి వద్దన్నాడండీ," అన్నాడు సానూకాజీ సంబరంగా. "పొట్ట దగ్గర మీరు చెప్పకపోయినా కాస్త వదులు చేశాడట. చాలా గౌరవం మీరంటే!"

పూర్ణభక్త కోటు వంక చూసి కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆయన్ను అంతగా గౌరవించలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. నలుగురూ నవ్వుకునే పని తానే ఏదో ఒకటి చేయాలి. బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరకు వెళ్లాడు. ఆడవాళ్లు బారుగా నిలబడి ఉన్నారు. ఎవరినీ పలకరించకుండా అందరినీ తోసుకుని ముందుకు పోయి, ఒకామె బిందె కాలితో పక్కకు జరిపి, తన బిందె పెట్టాడు. అధ్యక్షుడి దౌర్జన్యం! ఇంకా ఏం కావాలి?

"జరగండమ్మా, జరగండి," అంది బిందె జరిపించుకున్నామె. "తల్లి పోయిన మనిషి. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియట్లేదు."

"ఇంట్లో నీళ్లున్నా ఇక్కడికొచ్చాడంటే చూడు, మనసు ఎంత చెదిరిపోయిందో," అని ఇంకొకామె కళ్లొత్తుకుంది. నిండిన బిందె కూడా వాళ్లే ఇంటిదాకా మోసుకొచ్చి పెట్టారు.

ఈలోగా టోపీల దుకాణంలో మాట బయల్దేరింది. తన నాలుక తాను కోసుకుంటానన్నది అష్టనారాయణ్. ఆ మాట కూరగాయల సందు దాటేసరికి అధ్యక్షుడు నాలుకలు కోస్తానన్నట్టు అయింది. కుమ్మరుల వాడకు చేరేసరికి అందుకు ఒక పోలీసు కూడా వచ్చి ఆయన కిటికీ వెనక కూర్చున్నాడట. దాంతో ఆటగాళ్లందరూ గుమిగూడి, ఈ ఏడు వెక్కిరింతలు మానేసి భజన చేయడమే క్షేమమని తీర్మానించుకున్నారు.

పూర్ణభక్త భార్య చినీమయా మినప్పిండి బారాలు కాలుస్తూ ఈ కబురు చెప్పింది. "భజనట! పక్క వీధిలో ఈ ఏడు ముసలాయన పోయిన ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారు, మా తాత ఊరేగింపులో నవ్వే లేదా అని. ఊరంతా మిమ్మల్నే తిట్టుకుంటోంది."

పూర్ణభక్త ముఖం వెలిగింది. "నిజంగానా? ఎక్కడ? వీధిలోనా?"

"వీధిలో ఎందుకు తిడతారు? ఎవరింట్లో వాళ్లు, తలుపులేసుకుని."

ఆ ముఖం మళ్లీ ఆరిపోయింది. "ఇంట్లో తిడితే అమ్మకెలా వినబడుతుందే?" అన్నాడు. చినీమయా అట్లకాడ పట్టుకుని ఆయన వంకే చూసింది. బారా మాడిపోయింది.

ఊరేగింపు మొదలైంది. అజీ కట్టుకునే ఎర్రంచు నల్లచీర వెదురుబొంగుకు చుట్టారు, పైన ఫోటో, దాని మీద గొడుగు. ముందు కుర్రాళ్లు కర్రలు తాటిస్తూ జంటలు జంటలుగా చిందులేస్తున్నారు. మేనల్లుళ్లు బొంగు మోస్తుంటే వెనక పూర్ణభక్త నడుస్తున్నాడు. ఊరు సగం తిరిగి తమ వీధి మలుపులోకి వచ్చేసరికి తాళాల చప్పుడు వినబడింది. అరుగు మీద అష్టనారాయణ్ నుదుటిన ఇంత బొట్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని భజన చేస్తున్నాడు. జనం చేతులు కట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడి వింటున్నారు. పై అంతస్తు కిటికీ మూసి ఉంది.

బొంగు కిటికీ కిందకు వచ్చింది. ఇంకొంచెం పోతే దాటిపోతుంది.

"ఆపండ్రా!" అన్నాడు పూర్ణభక్త.

భజన ఆగింది. ఆయన ఇంట్లోకి పరుగెత్తి, తెల్లబట్టల మీద ఆ నల్లకోటు తొడుక్కుని బయటకు వచ్చాడు. గుండీలు పెట్టుకుని అరుగెక్కాడు. అష్టనారాయణ్ చటుక్కున గోడవైపు జరిగి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

పూర్ణభక్త చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పొట్ట ముందుకు తోశాడు. గొంతు సవరించుకున్నాడు. "నేను... నేను అధ్యక్షుణ్ణి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అది నిజమే కదా! "నీళ్లు... పేట నీళ్లు నన్ను అడక్కుండా ఎటూ పోవు. నా పెరట్లో మునక్కాడలు ఎందుకంత పొడుగో తెలుసా? మీ బిందెలు తాగి పెరిగాయి."

"అయ్యో, పాపం, మతి పోయింది," అందొక గొంతు. ఎవరో ఏడవడం కూడా మొదలుపెట్టారు. ఆయన అరుగు మీద అటు నుంచి ఇటు నడిచాడు. సొంత నడకే, అయినా కాళ్లు తడబడ్డాయి. కిటికీ వైపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గోడకు అంటుకుపోయిన అష్టనారాయణ్‌కు మాత్రం అది మింగుడు పడలేదు. భయం వేరు, పనితనం వేరు. ఏళ్ల తరబడి తాను చెక్కిన వేషాన్ని ఎవడో వచ్చి పాడు చేస్తుంటే ఎంతసేపని చూస్తాడు?

"అలా కాదన్నా!" అని అరిచాడు. "నీ నడక అదికాదు! పొట్ట ముందు రావాలి, నువ్వు దాని వెనకాల అర్జీ పట్టుకుని రావాలి. ఇలా!"

తలపాగా ఊడదీసి చొక్కాలో దోపుకున్నాడు. నడిచాడు. ఎవరూ అడగలేదు, పైసా ఇవ్వలేదు. కళ్లు సగం మూసి, "మీ సమస్య నాకు తెలుసమ్మా, దాన్ని పెట్టింది నేనేగా!" అన్నాడు అచ్చం అధ్యక్షుడి గొంతుతో. ఎక్కడో ఒక పిల్ల కిసుక్కుమంది. తర్వాత వీధి మొత్తం ఒక్కసారి బద్దలయింది. పూర్ణభక్త లోపల కుతకుతలాడింది. ఎంత హాయిగా కుతకుతలాడిందో చెప్పలేం.

ఆ నవ్వుల మధ్యలో పైన కిటికీ తెరుచుకుంది. ఎన్నడూ మొగుడి ముందు పళ్లు కనబడనివ్వని చినీమయా కిటికీకి అడ్డంపడి, ఊపిరందక, చెక్కను దబదబా బాదుతోంది. వీధిలో అందరూ తలెత్తి చూశారు. ఫోటో ఉన్న బొంగు మెల్లగా ముందుకు కదిలింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ మొదటిసారి జనాన్ని నవ్వించిన అరుగు మీద నుంచి దిగడం ఎవరి తరం? పూర్ణభక్త కోటు మీది కొత్త అతుకు వంక చూశాడు. మెడలో కొలత టేపు ఉన్నట్టు నటిస్తూ అష్టనారాయణ్ నడుం కొలిచాడు. కొలుస్తూ కొలుస్తూ కనబడని బట్టను రెండుగా మడిచి, సగం తన చంకలో దోపుకున్నాడు.

"టోపీకి మూరెడు గుడ్డ చాలదమ్మా, గజం తెండి! తలకాయలు పెరిగాయి ఈ ఏడు!" అన్నాడు టోపీలవాడి సన్నగొంతుతో. "ఏమంటారు? మీ బట్టలోనే నా పిల్లల చొక్కా ఎందుకుందంటారా? మీరంటే మావాళ్లకు అంత అభిమానం!"

గాయ్ జాత్ర చరిత్రలో మా వీధి అంతగా నవ్వింది లేదు. అష్టనారాయణ్ పిల్లలు అరుగు ముందే నిలబడి ఉన్నారు. ముగ్గురి చొక్కాలూ మూడు తెలిసిన ఇళ్లవాళ్లు టోపీలకని ఇచ్చిన గుడ్డల రంగులే. జనం ఆ చొక్కాలు చూసి మరీ నవ్వారు.

అష్టనారాయణ్ నవ్వలేదు. చొక్కాలోంచి తలపాగా లాగి, మడత పెట్టి, చంకలో పెట్టుకున్నాడు. "మనిషి అన్నాక మాట్లాడే తీరు ఒకటుంటుంది," అని పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. రెండు పూటలా అన్నం ముట్టలేదని అతని భార్య చెప్పింది. పండగ అయ్యేదాకా దుకాణం తెరవలేదు.

ఆ ఏడాది వాళ్లింట్లో ఎవరూ పోలేదు గనక, అతని మీద జాలి కూడా ఎవరూ పడలేదు.