దేవుని గదిలో సున్నా వాట్లు

‘విద్యుత్తును వృథా చేయువాడు జాతికి ద్రోహి!’

ప్రొద్దుటూరులో ఎర్రగుంట్ల రోడ్డుకు ఆనుకున్న ఒక వీధిలో, త్రివిక్రమరావు గారి ప్రహరీ గోడ మీద ఈ వాక్యం అడుగెత్తు అక్షరాలతో ఉంటుంది. చీకటి పడ్డాక కూడా ప్రజలు చదివి బాగుపడాలని దాని మీదికి రెండు ఫ్లడ్ లైట్లు తిప్పి పెట్టారు.

త్రివిక్రమరావు గారు ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, వీధి విద్యుత్ పొదుపు సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆయన పొదుపు ఉపన్యాసంతో ఆగిపోయే రకం కాదు. కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే మే నెల ఎండలో, మధ్యాహ్నం ఒంటిగంటకు దేవుని గదిలోకి పోయి తలుపేసుకుంటారు. గదిలో ఫ్యాను లేదు. కిటికీ లేదు. నాలుగింటికి బయటికొస్తే ఒంటి మీద చెమట చుక్క ఉండదు!

“ధ్యానంలో శరీరం దానంతట అదే చల్లబడును,” అని ఆయన సెలవిచ్చేవారు. వీధివాళ్ళు తువ్వాళ్ళు పిండుకుంటూ మొక్కేవాళ్ళు. దేవుని గదికి సరిగ్గా పైన, మిద్దె మీద, సిమెంటుతో చిన్న గోపురం కూడా కట్టించారు. సారు ధ్యానంలో ఉన్నంతసేపూ ఆ గోపురంలోంచి సన్నగా ఓంకారం వినిపించేది. దగ్గరికి పోతే వేడివేడి తేజస్సు మొహానికి కొట్టేది.

ఇంతటి తపస్సుకూ ఒక రాక్షసబాధ తప్పలేదు. వారానికి రెండు మూడుసార్లు, మధ్యాహ్నం రెండు దాటగానే వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోయేది. అలా ఎగిరిన రోజున సారు తపస్సు ఎందుకో ఐదు నిమిషాల్లో భంగమయ్యేది.

రాక్షసి ఎవరో తేల్చడానికి ఆయనకు పెద్దగా ఆలోచన అవసరం కాలేదు. కింది వాటాలో అద్దెకుండే ఖమర్‌బీ! మొగుడు పోయినప్పటి నుంచీ మోటారు మిషను మీద జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి.

“ఆ మిషను మోటారే వీధి కరెంటంతా తాగుతున్నది. ఆదివారం సంఘం ముందర యంత్రంతో కొలిచి నిరూపిస్తాను. నిరూపణ అయిన పిమ్మట నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయవలెను!” అని ఆజ్ఞ జారీ అయింది.

ఆ యంత్రం బిగించే పని నూర్ అహ్మద్‌కు పడింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పదకొండేళ్ళు కువైట్‌లో వైరింగు చేసి, తిరిగొచ్చి కరెంటు సామాన్ల అంగడి పెట్టుకున్న మనిషి. నిజం చెప్పడం ఆయనకున్న జబ్బు. దాంతో బాగుపడింది మటుకు లేదు.

“సార్, ఆ మోటారు నూరు వాట్లు గూడా తినదు. మీ గోడ మీది లైట్లే అంతకంటే ఎక్కువ,” అన్నాడు మెట్ల కింది బోర్డు తెరుస్తూ.

“నీకు సర్టిఫికెట్టుందా?”

“లేదు సార్.”

“మరి నోరెందుకు?”

నూర్ అహ్మద్ నోరు మూసుకుని చేతులు కదిలించాడు. అగ్గిపెట్టెంత వైఫై బోర్డు ఒకటి, కరెంటు కొలిచే మాడ్యూళ్ళు రెండు. సంఘం కార్యదర్శి శ్రీధర్ బ్యాంకు ఉద్యోగి. న్యాయం రెండువైపులా కనపడాలని పట్టుబట్టి, సారుండే పై ఇంటి లైనుకూ కింది ఇంటి లైనుకూ వేరువేరుగా తెప్పించాడు.

“ఈ వైర్లు ఇట్ల అడ్డం తిప్పి కలుపుతాండావేందప్పా?” అన్నాడు శ్రీధర్ వంగి చూస్తూ.

“ఇది చెప్పే పిన్నును అది వినే పిన్నుకు తగిలియ్యల్ల సార్. రెండూ చెప్పేవే అయితే పని జరగదు. మన సంఘం మీటింగు మాదిరి అయితాది.”

చివరికి మిగిలింది రింగు. కరెంటు తీగ ఆ రింగులోంచి దూరి పోవాలి, అంతే. నూర్ అహ్మద్ పై ఇంటి ఎర్ర తీగను ఒక్కదాన్నే దూర్చబోయాడు.

“ఆగు!” త్రివిక్రమరావు గారు గర్జించారు. “ఎర్ర తీగ, నల్ల తీగ దంపతులు. ఒకరిని లోపలికి పంపి ఒకరిని బయట నిలబెడతావా? మా ఇంటా వంటా లేని అనాచారం. రెండూ కలిసే ప్రవేశించాలి!”

“సార్, అట్ల పెడితే పోయే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇల్లంతా మండతాన్నా సున్నానే చూపిస్తాది.”

“మళ్ళీ నోరు!”

“సరే. మరి కింద ఖమర్‌బీ లైనుకు?”

“భర్త లేని ఇంటికి ఒక తీగ చాలును.”

నూర్ అహ్మద్‌కు అరికాలి నుంచి మండింది. కిటికీలోంచి ఖమర్‌బీ నెమ్మదిగా అడిగింది: “అన్నా, నా గిరాకంతా ఈ వీధిలోనే. ఇల్లు పోతే మిషను నెత్తిన పెట్టుకోని యాడికి పోవల్ల?”

నూర్ అహ్మద్ పై ఇంటి తీగలు రెండూ కలిపి రింగులో దూర్చి, గట్టిగా బిగించాడు.

ఆదివారం ఒంటిగంటకు వాకిట్లో షామియానా. వీధంతా వచ్చి విసనకర్రలు ఊపుకుంటూ కూర్చుంది. శ్రీధర్ తన ల్యాపుటాపు బల్ల మీద పెట్టాడు. త్రివిక్రమరావు గారు జనానికి నమస్కరించి, దేవుని గదిలోకి పోయి తలుపేసుకున్నారు. గోపురంలో ఓంకారం మొదలైంది.

తెర మీద అంకెలొచ్చాయి. కింది ఇల్లు: నూట నలభై వాట్లు, మిషనూ ఫ్యానూ కలిపి. పై ఇల్లు: సున్నా!

“సున్నా!” శ్రీధర్ లేచి చేతులు జోడించాడు. “ఫ్రిజ్జుతో సహా సున్నా! ఇది మానవమాత్రులకు సాధ్యమా?”

చప్పట్లు మోగాయి. ఎవరో సారుకు బిరుదివ్వాలన్నారు. ఇంకెవరో, నూట నలభై వాట్లు తాగే మనిషిని ఈ పూటే ఖాళీ చేయించాలన్నారు. ఖమర్‌బీ మిషను ఆపి గుమ్మంలోకి వచ్చింది.

నూర్ అహ్మద్ లేచాడు. “సున్నానే గద సార్? అయితే పై ఇంటికి కరెంటుతో పనేముండాది? ఫ్యూజు పీకేస్తే పోయేదేముండాది?”

“ఏముంది! ఆదర్శంగా ఉంటుంది!” అన్నారు జనం.

పీకేశాడు.

గోపురంలో ఓంకారం టక్కున ఆగిపోయింది. అప్పుడు దేవుని గదిలోంచి ధ్యానముద్రలోని మహానుభావుడు భార్యకు వేసిన కేక:

“విశాలాక్షీ! ఏసీ ఆగిపాయె! ఆ కిందదేం పీకిందో చూడు!”

తెర మీద ఇంకా సున్నానే ఉంది.

రెండు నిమిషాలకు సారు చెమటలు కక్కుతూ బయటికొచ్చారు. “ఏసీ నాకు కాదు. దేవుడికి! వేడికి చందనం కారిపోతాంటే...”

ఎవరూ నవ్వలేదు. శ్రీధర్ గొంతు తగ్గించి అడిగాడు: “ఎన్ని టన్నులు సార్?”

“ఒకటిన్నర.”

“మాది రెండు,” అని వెనక బెంచీలో ఎవరో నోరు జారారు.

ఇక ఆగలేదు. ఒకరికి బీరువా వెనక, ఒకరికి బియ్యం గదిలో, కార్యదర్శికే పిల్లల చదువు కోసం ఒకటి. పదకొండు ఇళ్ళలో పదమూడు ఏసీలు తేలాయి. ఫ్యూజు పాపం ఎంతకని ఓర్చుకుంటుంది! పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పొదుపు సంఘమే అదనపు కరెంటు అడిగితే విద్యుత్ ఆఫీసువాళ్ళు పడిపడి నవ్వరూ?

త్రివిక్రమరావు గారు మూడు నిమిషాల్లో అర్జీ రాశారు. ‘పేద మహిళ కుట్టుమిషను జీవనోపాధి నిమిత్తము...’ దాన్ని పట్టుకుని ఎన్నడూ తొంగిచూడని కింది వాటా గుమ్మం ముందు నిలబడ్డారు.

“అమ్మా ఖమర్‌బీ, ఇక్కడ సంతకం పెట్టు తల్లీ.”

“నన్ను ఖాళీ చేయమంటిరి గద సార్?”

“ఎవరూ? ఎప్పుడూ? నువ్వు పోతే మాకు ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిస్తారమ్మా!”

ఖమర్‌బీ కాగితం అందుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదివింది.

“ఇందులో నా మిషనొక్కటే ఉండాది సార్. ఏసీలు యాడ? ఇంటి పేర్లతో అన్నీ రాయండి. అన్నిటి కింద నా మిషను రాయండి. అప్పుడు పెడతా.”

సారు వీధి వైపు చూశారు. వీధి నేల చూపులు చూసింది. ఎండ దంచేస్తోంది. ఆయన మెట్టు మీద చతికిలబడి, జేబులోంచి పెన్ను తీశారు.

“నూర్ అన్న చెప్తాడు, రాసుకోండి,” అంది ఖమర్‌బీ.

నూర్ అహ్మద్ గొంతు సవరించుకున్నాడు.

“రాయండి సార్. ఒకటో నంబరు: దేవుడు. ఒకటిన్నర టన్ను.”